రిఫ్కా జేబులో ఫూల్ గింజలు

మిన్యా పాత ఊళ్ళో, నైలు గట్టుకు రెండు వీధుల అవతల ఉన్న సువార్త మందిరంలో, రిఫ్కా కళ్ళు మూసుకుని ప్రార్థన చేయగా చూసినవాళ్ళు లేరు. నసీఫ్ అయ్యగారు "ప్రార్థిద్దాం" అనగానే మూడొందల తలలు వంగేవి. ఆడవాళ్ళ వైపు రెండో బల్ల చివర, స్తంభం పక్కన, ఒక్క తల మాత్రం నిటారుగా నిలిచి అటూ ఇటూ తిరిగేది. ఆమె వెతికేది వచ్చినవాళ్ళను కాదు, రానివాళ్ళను. ఒక ఖాళీ కనిపిస్తే ఎడమ జేబులోంచి ఒక ఎండు ఫూల్ గింజ కుడి జేబులోకి మారేది. అయ్యగారు ఆమేన్ అనేసరికి ఆ వారం ఎవరెవరి తలుపులు తట్టాలో కుడి జేబులో సిద్ధంగా ఉండేది.

ఫూల్ గింజలంటే అక్కడ ఇంటింటా పొద్దున్నే ఉడికేవే, మన చిక్కుడు గింజలకు పెద్దన్నలు. రిఫ్కాకు రాయడం అంతంతమాత్రం కాబట్టి గింజలతో పని కానిచ్చేది. ఒక ఇంటికి వెళ్ళొచ్చాక ఒక గింజ వంటింటి సీసాలో పడేది. ఒకసారి మొగుడు హాబీల్ ఆకలికి ఆగలేక, బల్ల మీద పెట్టిన గింజల్ని కూడా సీసాలోవాటితో కలిపి నానబోసి ఉడకేసుకున్నాడు. "ఏడుగురు విశ్వాసుల్ని నిమ్మకాయ పిండుకుని తిన్నావు కదయ్యా!" అని వారమంతా సాధించింది. హాబీల్ ఆ మందిరానికే కాపలాదారు. ఆయన పోయి పదకొండేళ్ళు. ఒక్క కూతురు, అస్యూత్‌లో కాపురం చేసుకుంటోంది. రిఫ్కా ఇంట్లోనే మిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికేది, మిగిలిన పొద్దంతా పలకరింపులకు తిరిగేది.

పలకరింపు అంటే వట్టి ముచ్చట కాదు, ఆ సంఘంలో అదొక పరిచర్య. ఆరాధనకు రాని మనిషిని వారం తిరక్కుండా ఇంటికెళ్ళి చూసి రావాలి. దానికి రిఫ్కా నియమాలు రిఫ్కాకు ఉన్నాయి. "ఎందుకు రాలేదు" అని అడక్కూడదు, అది పోలీసు అడిగే మాట. తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టాలి, తనవైనా సరే, వాళ్ళవైనా సరే. ఎర్రటి కర్కదే పానీయం ఒక్క గ్లాసు తాగాలి, రెండోది పొయ్యనివ్వకూడదు. విన్నది గుమ్మం దాటకూడదు.

ఈ చివరి నియమం దగ్గరే ఆమె ఆడపడుచు నాద్రా తప్పిపోయింది. హాబీల్ చెల్లెలు నాద్రా మంచిదే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆరేళ్ళ కిందట వదినతో పాటు పలకరింపులకు బయల్దేరి, ఒక ముసలామె ఇంట్లో చూసింది చూసినట్టు వీధి వీధంతా చెప్పేసింది. రిఫ్కా ఆమెను మందిరం మెట్ల మీద, అందరి ముందూ కడిగేసింది. "పలకరించడానికి నోరు కాదు కావాల్సింది, చెవులు!" ఆ తర్వాత నాద్రా గానీ, ఆ మాట విన్న మరో ఆడమనిషి గానీ పలకరింపుల జోలికి రాలేదు. రిఫ్కా కూడా రమ్మనలేదు. ఒక్కతే తిరిగితే పని శుభ్రంగా జరుగుతుందనుకుంది.

ఆ చలికాలంలో సంఘపెద్దలు నదికి తూర్పున, కొత్త మిన్యాలో, ఒక కొత్త సంఘం మొదలుపెట్టాలని తీర్మానించారు. ఎడారి అంచున కట్టిన ఊరది. మిద్దెల మీద మిద్దెలు, వెడల్పాటి రోడ్లు, రోడ్ల నిండా గాలి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ కాపురం పెట్టిన పదిహేను కుటుంబాలున్నాయి. వాళ్ళను చూసుకోవడానికి చిన్న పాస్టరు సామెహ్‌ని పంపుతున్నారు. ముప్ఫై రెండేళ్ళవాడు, రిఫ్కా కళ్ళ ముందు నిక్కరు తడుపుకున్నవాడు. ఒకరోజు బస్బూసా మిఠాయి డబ్బా పట్టుకుని మూడంతస్తులు ఎక్కి ఆమె ఇంటికి వచ్చాడు.

"అత్తా, పాడేవాళ్ళున్నారు, వాయించేవాళ్ళున్నారు. ప్రసంగం నేనెలాగో ఏడుస్తాను. పలకరించేవాళ్ళే లేరు. గోడకు గోడ ఆనుకుని ఉన్నా ఎవరికెవరూ తెలీదక్కడ. మీరు వచ్చేయాలి. మీరు లేకపోతే ఈ పని జరగదు."

"ఈ వయసులో నన్ను నది దాటిస్తావా నాయనా?"

"మైక్రోబస్సులో ఇరవై నిమిషాలత్తా. ఎర్ర సముద్రం కాదు కదా!"

"ప్రార్థన చేసి చెప్తాలే," అంది రిఫ్కా.

సంఘాల్లో ఈ మాట అనేవాళ్ళు రెండు రకాలు. సగంమంది కాదనడానికి మొహమాటపడి అంటారు. మిగతా సగం ఎప్పుడో ఒప్పేసుకుని, మర్యాదకు అంటారు. రిఫ్కా మాత్రం నిజంగానే తెలియక అంది. సామెహ్ మెట్లు దిగాక అద్దం ముందు నిలబడి తలగుడ్డ సర్దుకుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని ఒకరు పనిగట్టుకుని వచ్చి నువ్వు లేకపోతే జరగదంటే ఎవరికి మాత్రం తియ్యగా ఉండదు? ఆ తీపి బస్బూసా కన్నా ఎక్కువసేపు నిలిచింది. తర్వాత షఫీకా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఏడేళ్ళుగా మంచం దిగని మనిషి. తను నది దాటిపోతే ఆమె తలుపు తట్టేదెవరు? అంతే, ఆ రోజు కుట్టిన నాలుగు కాలర్లు వంకర పోయాయి.

సోమవారం నసీఫ్ అయ్యగారి ఇంటికి వెళ్ళింది. డెబ్భై దాటిన మనిషి, వరండాలో ఎండకు కూర్చుని నారింజ ఒలుచుకుంటున్నాడు. సగం పండు ఆమె చేతిలో పెట్టి అంతా విన్నాడు.

"నన్నడిగితే వద్దంటాను," అన్నాడు. "నువ్వు పోతే నా కుడిచెయ్యి పోయినట్టే. అందుకే ఈ సంగతి నన్నడక్కు."

"మరెవర్ని అడగాలి అయ్యగారూ? దేవుణ్ణి అడుగుతుంటే ఆయన ఉలకడు, పలకడు."

"ఆయన పలుకుతాడే. ముందు నీలో వాగేవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు నోరు మూయాలి. ఒకటి పొగడ్త. సామెహ్ నిన్ను మునగచెట్టు ఎక్కించాడు, ముందు దిగు. రెండోది కోపం."

"నాకెవరి మీద కోపం?"

"ఇంకా రాలేదు, వస్తుంది. ఊరికే ఎవరూ సంఘం మారరు, ఎక్కడో ఒకచోట కాలుతుంది." అయ్యగారు తొక్కలు ఏరి పళ్ళెంలో వేశాడు. "నాలుగు శుక్రవారాలు అక్కడికెళ్ళి కూర్చో. వస్తానని వాళ్ళకు చెప్పకు, పోతానని వీళ్ళకు చెప్పకు. ఆ ఇద్దరూ నోరు మూశాక కూడా వెళ్ళాలనిపిస్తే అప్పుడు రా. పంపిస్తాను. ఏడుస్తాననుకో, పంపిస్తాను."

ఆ దేశంలో వారపు సెలవు శుక్రవారమే కాబట్టి మందిరాల్లో ఆరాధనా ఆ రోజే. మొదటి శుక్రవారం మైక్రోబస్సు వంతెన దాటుతుంటే రిఫ్కాకు దొంగతనానికి పోతున్నట్టే అనిపించింది. కొత్త సంఘం ఒక మిద్దె కింది హాల్లో కూడుతోంది. బల్లలు లేవు, ప్లాస్టిక్ కుర్చీలు. ఆడవాళ్ళ వైపూ మగవాళ్ళ వైపూ లేదు, మొగుడూ పెళ్ళాం పక్కపక్కనే కూర్చున్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. ప్రార్థన వేళ అలవాటుగా తలెత్తి చూసింది. అందరూ కొత్తవాళ్ళే, ఇక రానిదెవరని లెక్కపెడుతుంది? చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. అంత పనికిమాలినదానిలా ఆమె ఏ మందిరంలోనూ కూర్చోలేదు. పొగడ్త ఆ పూటే నోరు మూసుకుంది. ఆమె లేకపోయినా అక్కడ పాటలు జరిగాయి, ప్రసంగం జరిగింది, టీలు కూడా జరిగాయి.

ఆ టీల దగ్గరే నర్దీన్ అనే పిల్ల పరిచయమైంది. మల్లావీ నుంచి కాపురానికి వచ్చింది, చంకలో నాలుగు నెలల బిడ్డ. రెండో శుక్రవారం నర్దీన్ కూర్చున్న కుర్చీ ఖాళీగా కనబడింది. రిఫ్కా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. గింజలు అక్కడే ఉన్నాయి. ఒకటి ఎడమ నుంచి కుడికి మారాక గానీ, తనేం చేసిందో ఆమెకు తెలియలేదు.

ఆదివారం అడ్రసు కనుక్కుని మళ్ళీ నది దాటింది. లిఫ్టు చెడిపోయిన మిద్దెలో నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ తలుపు తట్టింది. నర్దీన్ తలుపు సందులోంచి భయంగా చూసింది.

"మోకాళ్ళమ్మా," అంది రిఫ్కా ఊపిరి కూడగట్టుకుంటూ. "నీ మెట్లు నా మోకాళ్ళను మింగేశాయి. కాస్త కూర్చోనిస్తావా?"

ఆ పిల్ల కూర్చోబెట్టింది, కర్కదే కాచింది, గ్లాసు చేతికిచ్చి ఉన్నట్టుండి ఏడ్చేసింది. బిడ్డకు మూడు రోజులుగా జ్వరం. మొగుడు డ్యూటీకి పోతే మాట్లాడే దిక్కులేదు. "ఈ ఇంటికి వచ్చి ఐదు నెలలైంది పిన్నీ. మీటరు చూసేవాడు తప్ప ఇంకెవరూ ఈ తలుపు తట్టలేదు." రిఫ్కా బిడ్డను భుజాన వేసుకుని గంటసేపు గదిలో తిరిగింది. రెండో గ్లాసు కూడా తాగింది. నియమం తప్పానన్న సంగతి మైక్రోబస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

ఇటు పాత ఊళ్ళో ఆమె పలకరింపులేవీ మానలేదు. మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకు మామూలుగానే వెళ్తోంది. శుక్రవారాలు మాత్రం మందిరంలో కనపడటం లేదు. రెండో బల్ల చివర చోటు ఖాళీ. ఒక వారం గడిచింది, రెండు గడిచాయి, మూడూ గడిచాయి. ఆమె తలుపు ఒక్కరూ తట్టలేదు.

మూడో శుక్రవారం మర్నాడు రిఫ్కా కర్కదే కాచి పెట్టుకుంది. గ్లాసులు కడిగి బోర్లించింది. మెట్ల మీద చప్పుడైతే మిషను ఆపి వినేది. పై అంతస్తుకు పోయేవాళ్ళు పైకి పోయారు. సాయంత్రానికి కర్కదే చల్లారి నల్లబడింది. పందొమ్మిదేళ్ళు! పందొమ్మిదేళ్ళు ఒక్కరిని వదలకుండా అందరి గుమ్మాలూ తొక్కింది. పురుళ్ళకు పోయింది, చావులకు పోయింది, అలిగినవాళ్ళ గడ్డాలు పట్టుకుంది. తను కనపడకపోతే బతికుందో చచ్చిందో అని చూసే దిక్కే లేదా? గిన్నె తీసుకెళ్ళి తొట్లో ఒంపేసింది. "ఇంకేం ప్రార్థన? తేలిపోయింది. వీళ్ళ ముఖం చూడను," అని పైకే అనేసింది.

కోపం వస్తుందన్న అయ్యగారి మాట అప్పుడు గుర్తొచ్చి ఉంటే బాగుండేది. కోపం వచ్చినప్పుడు ఎవరికి గుర్తొస్తాయి అలాంటివి?

మంగళవారం షఫీకా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎనభై ఆరేళ్ళ ఆ మనిషికి కాళ్ళు పడిపోయాయి గానీ నాలుక నిక్షేపంలా ఉంది. రిఫ్కా దిండు సర్దుతూ, మాట్లాడకూడదనుకుంటూనే అంతా కక్కేసింది. నది అవతలి సంఘం సంగతి, మూడు వారాల సంగతి, చల్లారిన కర్కదే సంగతి.

పెద్దమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "నువ్వు కనపడకపోతే ఎవరనుకుంటారే నీకేదో అయిందని? ఎవరింట్లోనో పలకరింపుకు కూర్చునుంటావనుకుంటారు. పలకరించేదాన్ని పలకరించాలని ఎవరికి తోస్తుంది?"

"ఒక్కరికైనా తోచాలి కదా పెద్దమ్మా!"

"ఎవర్ని తోచనిచ్చావు? నాద్రాను మెట్ల మీద కడిగావు, గుర్తుందా?"

"అది నీ వీపు పుండు సంగతి వీధంతా చాటింది. నీ పరువు కోసమే కదా నేను..."

"చాటింది, నిజమే. సిగ్గుతో చచ్చాననుకో. మర్నాడు నలుగురు దూదీ, మందూ, పరుపూ పట్టుకుని వచ్చారు. దేవుడు తోడు, అప్పుడే మానింది ఆ పుండు." పెద్దమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "నువ్వు గుట్టుగా వస్తావు, గుట్టుగా పోతావు. బంగారు తల్లివి. కానీ నువ్వు వచ్చి వెళ్ళినట్టు కూడా ఎవరికీ తెలీదు. ఇంక రెండో మనిషి ఎందుకొస్తుంది? ఇంత పెద్ద సంఘంలో నాకు నువ్వొక్కదానివే మిగిలావు. ఆ పని చేసింది నువ్వేనే."

ఆ మాట రిఫ్కాకు గుచ్చుకుంది. తిట్టు తగిలినందుకు కాదు, అది నిజమైనందుకు. అందరినీ మోస్తున్నాననుకుని, ఒక్కరికీ మొయ్యడం నేర్పలేదు. కోపం చేసుకోవడానికి ఇప్పుడు తను తప్ప ఎవరూ మిగల్లేదు. పెద్దమ్మకు జావ తాగించి, ఆ రోజు నడిచే ఇంటికి వచ్చింది.

నాలుగో శుక్రవారానికి ముందు రోజు, గురువారం మధ్యాహ్నం, మెట్ల మీద ధడధడ చప్పుడైంది. ఆ వెంటనే తలుపు మీద గుద్దులు.

"వదినా! వదినా! బతికున్నావా చచ్చావా?"

తలుపు తీస్తే నాద్రా. చెమటలు కక్కుతోంది. లోపలికి వచ్చి, తలుపు దగ్గరి కుర్చీ వదిలేసి, సరాసరి మంచం మీద కూలబడింది.

"ఎందుకు రావట్లేదు మందిరానికి? మూడు వారాలు! మొదటి వారం ఎవరింట్లోనో ఉందిలే అనుకున్నా. రెండో వారం కూతురి దగ్గరికి పోయిందేమో అనుకున్నా. మూడో వారం నా పక్కన అంత ఖాళీ పెట్టుకుని కూర్చుంటే ప్రసంగం ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. నీ దగ్గరికి రావాలంటే భయం, మళ్ళీ అందరి ముందూ కడిగేస్తావని. ఇదిగో, మర్చిపోకుండా ఇది జేబులో వేసుకుని తిరుగుతున్నా." పిడికిలి విప్పింది. అరచేతి చెమటకు తడిసిన ఒకే ఒక ఫూల్ గింజ.

రిఫ్కా దాన్ని చూసింది. వేలితో తాకింది.

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది." అంటూనే తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. నాద్రా భయపడి లేచి వదినను గుండెకు అదుముకుంది. పలకరింపులో మనిషిని ముట్టుకోవాలని రిఫ్కా నియమాల్లో ఎక్కడా లేదు.

కర్కదే కాచారు. నాద్రా మూడు గ్లాసులు తాగింది. రిఫ్కా ఏమీ దాచకుండా చెప్పింది. చివరికి ఆరేళ్ళ నాటి మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఆ రోజు నేను తప్పు చేశాను నాద్రా. అందరి ముందూ అన్నాను, అందరి ముందే క్షమించమని అడుగుతాను."

"వద్దు తల్లీ, మళ్ళీ అందరికీ గుర్తొస్తుంది!" నాద్రా ముక్కు చీదింది. "అయితే పోతావా నది దాటి?"

రిఫ్కాకు నిన్నటిదాకా పోవడం తేలిక. ఎవరికీ అక్కరలేనప్పుడు మూట సర్దుకోవడానికి ఎంతసేపు? ఇప్పుడు ఎదురుగా నాద్రా కూర్చుంది. కోపం ఎక్కడుందా అని లోపల వెతికింది, లేదు. మునగచెట్టు ఎప్పుడో దిగేసింది. ఆ రెండూ పోయాక కూడా నాలుగంతస్తుల మీద తలుపు సందులోంచి చూసిన ఆ పిల్ల కళ్ళు అక్కడే ఉన్నాయి.

"పోతానే," అంది. "పోవాలనే ఉంది. ఏడుపొస్తోంది, అయినా పోవాలనే ఉంది."

నాద్రా తలూపింది. "మరి ఇక్కడివాళ్ళు?"

రిఫ్కా లేచి వంటింట్లోకి వెళ్ళి సీసా తెచ్చింది. నాద్రా ఒళ్ళో పెట్టింది.

"నేనా? నా నోరు తెలుసు కదా నీకు!"

"తెలుసు. ఎక్కడ ఏం చెప్పాలో కాస్త చూసుకో. మిగతాదంతా చెప్పు, వీధి వీధంతా చెప్పు. ఒక్కదానివే మాత్రం తిరక్కు. ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని పో."

"ఎందుకు రాలేదని అడగొచ్చా?"

రిఫ్కా ఆలోచించింది. "నువ్వు అడిగితే బాగానే ఉంది," అంది.

నాలుగో శుక్రవారం కూడా నది అవతలే గడిపి, సాయంత్రం అయ్యగారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన అన్నమాట ప్రకారం ఏడ్చాడు, అన్నమాట ప్రకారమే ఒప్పుకున్నాడు. మరుసటి శుక్రవారం పాత మందిరంలోనే ఆమెను ముందుకు పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, తూర్పు ఒడ్డుకు పంపుతున్నామని సంఘానికి చెప్పాడు. షఫీకా పెద్దమ్మను నలుగురు కుర్చీలో మోసుకొచ్చారు. ఆ నలుగురినీ పోగేసింది ఎవరో వేరే చెప్పాలా?

రిఫ్కా తిరిగొచ్చి రెండో బల్ల చివర, స్తంభం పక్కన కూర్చుంది. అయ్యగారు "ప్రార్థిద్దాం" అన్నాడు. మూడొందల తలలు వంగాయి. రిఫ్కా తల కూడా వంగింది. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ మందిరంలో కళ్ళు మూసుకుంది. పక్కన నాద్రా మెడ సాచి అటూ ఇటూ చూస్తోందని బల్ల కిర్రుమన్నప్పుడల్లా తెలుస్తోంది. ఒక్కో గింజ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

ఆమేన్ అన్నాక నాద్రా గర్వంగా కుడి జేబు తీసి చూపించింది. రిఫ్కా అలవాటు కొద్దీ మందిరమంతా ఒకసారి కలయజూసింది. ఖాళీలు నాలుగు. జేబులో గింజలు ఐదు.

"ఒకటి ఎక్కువుందే," అంది గుసగుసగా. "ఇదెవరిది?"

"నీదే వదినా," అంది నాద్రా. "వచ్చే వారం నుంచి నువ్వు రావుగా."